స్ఫింక్స్ ఆటోడాక్, రీడ్ ద డాక్స్ సమీక్ష: బిల్డ్ పాస్ అయినా పేజీ ఎందుకు ఖాళీగా ఉంటుంది

పైథాన్ ప్యాకేజీని ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టేవాళ్ళు రిఫరెన్సు పేజీల కోసం ఎక్కువగా ఎంచుకునే జత ఇది. స్ఫింక్స్‌ని జార్జ్ బ్రాండల్ పైథాన్ సొంత డాక్యుమెంటేషన్ కోసం తయారుచేసి 2008లో విడుదల చేశారు. అందులోని ఆటోడాక్ ఎక్స్‌టెన్షన్ కోడులో ఉన్న డాక్‌స్ట్రింగుల్ని (ఫంక్షన్, క్లాసు లోపలే రాసిపెట్టే వివరణల్ని), ఫంక్షన్ సిగ్నేచర్లని (పేరు, దాని పారామీటర్ల వరుసని) తీసుకుని పేజీలు కడుతుంది. రీడ్ ద డాక్స్ 2010లో మొదలైన సర్వీసు. గిట్ రిపాజిటరీలోకి కొత్త కోడు పుష్ పడగానే స్ఫింక్స్‌ని నడిపి (దీన్నే బిల్డ్ అంటారు), వచ్చిన పేజీల్ని హోస్ట్ చేస్తుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల దగ్గర డబ్బు తీసుకోదు, బదులుగా పేజీలో ఒక ప్రకటన పెడుతుంది.

తీర్పు ముందే చెప్పేస్తాను. కోడు ఒకటి, డాక్యుమెంటేషన్ ఇంకొకటి చెప్పే పరిస్థితి రాకుండా చూడడంలో పైథాన్‌కి సంబంధించినంతవరకు ఇంతకంటే గట్టి సాధనం నాకు కనబడలేదు. కానీ మొదట్లో ఉండే సెట్టింగులు మరీ మెతక. మాడ్యూల్ (మామూలుగా ఒక పైథాన్ కోడు ఫైలు) లోడ్ కాకపోయినా, క్లాసు దొరక్కపోయినా, లింకు ఎక్కడికీ పోకపోయినా బిల్డ్ పాస్ అయిందనే చెబుతుంది. వాడేవాళ్ళు పేజీ తెరిస్తే పైన శీర్షిక ఉంటుంది, కింద ఏమీ ఉండదు. అందుకని దీన్ని పెట్టుకోవడంలో సగం పని దాని చేత నోరు తెరిపించడమే.

ఆటోడాక్ మాడ్యూల్‌ని నిజంగా ఇంపోర్ట్ చేస్తుంది

మిగతా అన్ని లక్షణాలూ ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి. ఆటోడాక్ సోర్స్ ఫైలుని ఉత్త అక్షరాలుగా చదివి ఊరుకోదు. మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి, లోపల తయారైన ఆబ్జెక్టుల్ని పరిశీలిస్తుంది. దీనివల్ల లాభం పెద్దదే. డెకరేటర్లు మార్చిన ఫంక్షన్లు, మెటాక్లాసులు పుట్టించిన మెథడ్లు, సీ భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్ళు, అన్నీ వాడేవాళ్ళకి పైథాన్‌లో ఎలా కనిపిస్తాయో పేజీలోనూ అలాగే వస్తాయి.

నష్టమూ అక్కణ్ణుంచే. మాడ్యూల్ పైస్థాయిలో ఉన్న ప్రతి లైనూ బిల్డ్ జరిగేటప్పుడు నడుస్తుంది. అక్కడ డేటాబేస్ కనెక్షన్ తెరిచే లైనుంటే తెరవబోతుంది, ఫైళ్ళు తుడిచే లైనుంటే తుడిచేస్తుంది. స్క్రిప్టుల్ని కూడా రిఫరెన్సులో పెట్టదలిస్తే, వాటి అసలు పనంతా డండర్ నేమ్ (డండర్ అంటే పేరుకి ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు) విలువ డండర్ మెయిన్ అవునా కాదా అని చూసే ఇఫ్ కిందికి చేర్చాకే పెట్టాలి.

పైగా ఒక మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేస్తే అది ఇంకో నాలుగింటిని లాగుతుంది, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు. ఆ నాలుగిట్లో ఒక్కటి బిల్డ్ మెషీన్‌లో లేకపోయినా ఆ మాడ్యూల్ పేజీ మొత్తం పోతుంది. అప్పుడు స్ఫింక్స్ ఇచ్చేది ఎర్రర్ కాదు, వార్నింగ్. ఫలానా మాడ్యూల్ ఇంపోర్ట్ కాలేదు, వచ్చిన ఎక్సెప్షన్ ఇది అని లాగ్ మధ్యలో చెప్పి, చివర్లో 'బిల్డ్ సక్సీడెడ్, 3 వార్నింగ్స్' అని ముగిస్తుంది. ఆ చివరి లైను చూసి అందరూ ముందుకెళ్ళిపోతారు.

ప్యాకేజీని ఆటోడాక్ కంటికి ఎలా చూపించాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. పాత ట్యుటోరియళ్ళు కాన్ఫ్.పీవై (స్ఫింక్స్ సెట్టింగుల ఫైలు) పైభాగాన సిస్.పాత్‌లో, అంటే పైథాన్ మాడ్యూళ్ళ కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో, పై డైరెక్టరీని చేర్చమంటాయి. చిన్న ప్యాకేజీకి అది సరిపోతుంది. సీ భాగాలుంటే మాత్రం కంపైల్ అయిన ఫైళ్ళు సోర్స్ డైరెక్టరీలో ఉండవు కాబట్టి ఇంపోర్ట్ పడిపోతుంది. వెర్షన్ నంబరుని ఇంపోర్ట్‌లిబ్.మెటాడేటా ద్వారా అడిగితే ఇన్‌స్టాల్ కాని ప్యాకేజీకి జవాబు రాదు. ఇన్సర్ట్ బదులు అపెండ్ అని రాస్తే మెషీన్‌లో ముందే ఉన్న పాత వెర్షన్‌కి మీరు కొత్త రిఫరెన్సు తయారుచేస్తారు. ఈ గొడవేదీ లేకుండా, రిపాజిటరీ మొదటి డైరెక్టరీలో పిప్ ఇన్‌స్టాల్ పక్కన ఒక చుక్క పెట్టి ప్యాకేజీని మామూలుగా ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత స్ఫింక్స్‌ని నడపడం మేలు. వాడేవాళ్ళు చేసేదీ అదే కదా.

ఖాళీ పేజీ ఎందుకు వస్తుంది

పేజీ ఫైల్లో ఆటోమాడ్యూల్ డైరెక్టివ్ (ఫలానా మాడ్యూల్ వివరాలు ఇక్కడ పెట్టమనే ఆదేశం) రాసి, దాని కింద మెంబర్స్ ఆప్షన్ మరిచిపోతే మాడ్యూల్ డాక్‌స్ట్రింగ్ ఒక్కటే వస్తుంది. మెంబర్స్ ఉన్నా డాక్‌స్ట్రింగ్ లేని ఫంక్షన్లు రావు, వాటికి అన్‌డాక్-మెంబర్స్ కూడా కావాలి. ఈ రెండూ తేలిగ్గా దొరికిపోయేవి. మూడోదే చిక్కుముడి, కాస్త దగ్గరగా చూడాల్సింది.

తూకం అనే ప్యాకేజీ ఉందనుకోండి. అసలు కోడు తూకం._కోర్ అనే ప్రైవేటు మాడ్యూల్‌లో ఉంది, తక్కెడ అనే క్లాసు అక్కడే రాశారు. డండర్ ఇనిట్ ఫైలు ఆ _కోర్ నుంచి తక్కెడని ఇంపోర్ట్ చేస్తుంది, అంతే. వాడేవాళ్ళు తూకం.తక్కెడ అనే పిలుస్తారు. రిఫరెన్సు పేజీలో ఆటోమాడ్యూల్‌కి తూకం పేరిచ్చి, మెంబర్స్ కూడా చేర్చారు. అయినా పేజీలో తక్కెడ రాదు, వార్నింగూ రాదు.

కారణం ఇది. ఆటోడాక్ ప్రతి మెంబరుకీ డండర్ మాడ్యూల్ విలువ చూస్తుంది. తక్కెడకి ఆ విలువ తూకం._కోర్. డైరెక్టివ్‌కి మీరిచ్చిన పేరు తూకం. రెండూ కలవలేదు కాబట్టి ఇది బయటినుంచి తెచ్చుకున్న సరుకు అని వదిలేస్తుంది. అలా వదలడం సబబే, లేకపోతే మీరు ఇంపోర్ట్ చేసుకున్న పాత్, డేట్‌టైమ్ లాంటివన్నీ మీ రిఫరెన్సులోకి చేరిపోతాయి. దీనికి మందు డండర్ ఇనిట్‌లో డండర్ ఆల్ జాబితా రాసి, అందులో తక్కెడ పేరు చేర్చడం. జాబితా ఉందంటే ఆటోడాక్ ఆ పోలిక మానేసి జాబితాకే కట్టుబడుతుంది. ఇంపోర్టెడ్-మెంబర్స్ అనే ఆప్షన్ కూడా ఉంది కానీ అది మంచీ చెడూ చూడకుండా అన్నిటినీ తెస్తుంది. డండర్ ఆల్ రాస్తే పబ్లిక్ ఏపీఐ (బయటివాళ్ళు వాడదగ్గ పేర్లు) ఏదో కోడులోనే ఖాయమైపోతుంది. ఆ జాబితా రాయించినందుకే ఆటోడాక్‌కి కొన్ని మార్కులు ఎక్కువ వేయొచ్చు.

ఇలా సరిచేశాక రెండో సమస్య ఎదురవుతుంది. తూకం._కోర్‌కి కూడా ఒక పేజీ పెట్టి ఉంటే తక్కెడ రెండు చోట్ల నమోదవుతుంది. ఎక్కడైనా తక్కెడ అని మాత్రమే రాసి లింకు ఇస్తే, ఒకటికంటే ఎక్కువ గమ్యాలున్నాయని వార్నింగ్ రావచ్చు. పబ్లిక్ పేరు దగ్గర ఒక్కసారే డాక్యుమెంట్ చేయాలి. రెండో చోట తప్పదనుకుంటే అక్కడ నో-ఇండెక్స్ ఆప్షన్ పెట్టాలి.

మాక్ సెట్టింగుతో జాగ్రత్త

ఏదైనా లైబ్రరీ బిల్డ్ మెషీన్‌లో లేదంటే ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒకటే, దాని పేరుని ఆటోడాక్_మాక్_ఇంపోర్ట్స్ జాబితాలో పెట్టమని. పెడితే స్ఫింక్స్ ఆ లైబ్రరీ స్థానంలో ఒక డమ్మీ మాడ్యూల్‌ని నిలబెడుతుంది. ఏ పేరు అడిగినా డమ్మీ ఆబ్జెక్టు ఇస్తుంది, పిలిస్తే పలుకుతుంది.

ఆ డమ్మీకి లెక్కలు రావు. మాడ్యూల్ పైస్థాయిలో నంపై అనే గణిత లైబ్రరీలోని పై (π) విలువని 2తో భాగించి ఒక స్థిరాంకం తయారుచేసే లైనుంటే, నంపైని మాక్ చేసిన మరుక్షణం టైప్‌ఎర్రర్ వచ్చి ఇంపోర్ట్ పడిపోతుంది. లైబ్రరీ వెర్షన్ ఫలానా నంబరు కంటే పెద్దదా అని పైస్థాయిలో పోల్చే కోడుదీ అదే గతి. ఇంపోర్ట్ కాలేదని మాక్ పెట్టుకుంటే, మాక్ వల్లే ఇంపోర్ట్ పోతుందన్నమాట. మీ క్లాసు ఆ లైబ్రరీలోని క్లాసు నుంచి వారసత్వం తీసుకుని ఉంటే, ఇన్హెరిటెడ్-మెంబర్స్ అడిగినా పైనుంచి వచ్చే మెథడ్లు కనిపించవు, ఎందుకంటే పైన ఉన్నది ఉత్త డమ్మీ.

లైనక్స్ సర్వర్ మీద నిజంగా ఇన్‌స్టాల్ చేయలేని వాటికి మాత్రమే మాక్ వాడాలి. హార్డ్‌వేర్ డ్రైవర్లు, విండోస్‌లో మాత్రమే దొరికే మాడ్యూళ్ళు, అలాంటివి. మిగతావి ఎంత బరువైనా ఇన్‌స్టాల్ చేయడమే నయం.

వార్నింగుల్ని ఎర్రర్లుగా మార్చండి

స్ఫింక్స్-బిల్డ్ కమాండుకి హైఫన్ పెట్టి కేపిటల్ డబ్ల్యూ ఇస్తే వార్నింగ్ ఒక్కటున్నా ఎగ్జిట్ కోడ్ 1 వస్తుంది, సీఐలో (కోడు మారినప్పుడల్లా దానంతటదే నడిచే తనిఖీలో) బిల్డ్ ఫెయిల్ అవుతుంది. 8.1 వెర్షన్‌కి ముందు ఇది మొదటి వార్నింగ్ దగ్గరే ఆగిపోయేది, మొత్తం జాబితా చూడాలంటే కీప్-గోయింగ్ అనే ఫ్లాగు కూడా ఇవ్వాల్సి వచ్చేది. 8.1 నుంచి బిల్డ్ పూర్తయ్యాకే ఫెయిల్ చేస్తుంది, అన్ని వార్నింగులూ ఒకేసారి దొరుకుతాయి.

దాని తర్వాత చిన్న ఎన్ ఫ్లాగు, అదే నిట్‌పికీ. క్రాస్ రిఫరెన్సులన్నీ నిజంగా ఎక్కడికో చేరుతున్నాయా అని తనిఖీ చేస్తుంది. పాత ప్రాజెక్టులో ఈ రెండింటినీ ఒకే రోజు ఆన్ చేయకండి. టైప్ హింట్లలో ఉన్న టైప్‌వార్లు, ప్రైవేటు ఎలియాసులు, బయటి లైబ్రరీల క్లాసులు అన్నీ ఒక్కసారిగా ఫిర్యాదు చేస్తాయి. ముందు డబ్ల్యూ పెట్టి శుభ్రం చేసుకుని, ఆ తర్వాత ఎన్ పెట్టి, నిజంగా తీరని వాటిని నిట్‌పిక్_ఇగ్నోర్ జాబితాలో ఒక్కొక్కటిగా చేర్చాలి.

మొదటిసారి వచ్చే వార్నింగుల్లో చాలావరకు డాక్‌స్ట్రింగ్ రాసే తీరువే. గూగుల్ పద్ధతిలోనో నంపై పద్ధతిలోనో డాక్‌స్ట్రింగులు రాసి, ఆ పద్ధతుల్ని అర్థంచేసుకునే నెపోలియన్‌ని ఎక్స్‌టెన్షన్ల జాబితాలో చేర్చకపోతే గూగుల్ పద్ధతిలోని ఆర్గ్స్ భాగం ఒకే పేరాగా ముద్దయిపోతుంది, నంపై పద్ధతిలోని గీతలకి 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ సెక్షన్ టైటిల్' అని వస్తుంది. నెపోలియన్ స్ఫింక్స్‌తోనే వస్తుంది, వేరే ఇన్‌స్టాల్ అక్కర్లేదు. మామూలు వాక్యంలో నక్షత్రం గుర్తుతో ఆర్గ్స్ అని రాస్తే, ఇటాలిక్ మొదలుపెట్టి మూయలేదని అంటుంది. దాన్ని జంట బ్యాక్‌టిక్కుల మధ్య పెట్టాలి. బ్యాక్‌స్లాష్ ఉన్న గణిత సూత్రాలకి డాక్‌స్ట్రింగ్ ముందు ఆర్ అక్షరం తప్పదు, లేకపోతే సూత్రంలోని టీ అక్షరం ట్యాబ్ అయిపోతుంది.

ఇంకో రెండు బిల్డర్లున్నాయి (బిల్డర్ అంటే ఒక్కో రకం ఫలితమిచ్చే స్ఫింక్స్ భాగం), పెద్దగా ఎవరూ వాడరు, వాడాలి. కవరేజ్ బిల్డర్ మాడ్యూల్‌లో ఉండి రిఫరెన్సులోకి రాని పేర్లని ఒక ఫైల్లో రాసిపెడుతుంది. పైన చెప్పిన తక్కెడ లాంటివి పేజీలోంచి జారిపోకుండా కాపాడేది ఇదే, కాకపోతే ఏ మాడ్యూళ్ళు చూడాలో కవరేజ్_మాడ్యూల్స్‌లో చెప్పాలి. డాక్‌టెస్ట్ బిల్డర్ డాక్‌స్ట్రింగుల్లోని ఉదాహరణల్ని నడిపి, మీరు రాసిన జవాబే వస్తోందా అని చూస్తుంది. ఉదాహరణ తప్పయితే వాడేవాళ్ళు మొదట కాపీ చేసుకునేది ఆ తప్పునే.

సిగ్నేచర్లలో వచ్చే వింతలు

ఒక ఫంక్షన్ పారామీటరు డిఫాల్ట్ విలువగా ఓఎస్.గెట్‌సీడబ్ల్యూడీ పిలుపు పెట్టారనుకోండి. ఇంపోర్ట్ అయ్యేటప్పుడే అది విలువగా మారిపోతుంది కాబట్టి, రీడ్ ద డాక్స్‌లో బిల్డ్ అయిన పేజీలో ఆ పారామీటరు పక్కన బిల్డ్ సర్వర్ డైరెక్టరీ పాత్ ప్రత్యక్షమవుతుంది. హోమ్, డాక్స్, చెకౌట్స్ అని మొదలయ్యే పొడుగాటి పాత్. చదివేవాళ్ళకి దాని అర్థమేమిటో తెలియదు. కాన్ఫ్.పీవైలో ఆటోడాక్_ప్రిజర్వ్_డిఫాల్ట్స్‌ని ట్రూ చేస్తే విలువ బదులు సోర్స్‌లో రాసిన మాటే వస్తుంది. ఇది మొదట్నుంచీ ట్రూగా ఉండాల్సిన సెట్టింగు. ఎన్నో పేజీల్లో డిఫాల్ట్ విలువ స్థానంలో కోణపు బ్రాకెట్లలో కనబడే ఆబ్జెక్టుల చెత్త కూడా దీంతో పోతుంది.

డెకరేటర్ రాసినవాళ్ళు ఫంక్‌టూల్స్.ర్యాప్స్ పెట్టడం మరిచిపోతే డాక్‌స్ట్రింగ్ మాయమై, సిగ్నేచర్ ఆర్గ్స్, క్వార్గ్స్ అని మిగులుతుంది. అది ఆటోడాక్ తప్పు కాదు, పైథాన్‌లో హెల్ప్ అని కొట్టినా అంతే కనబడుతుంది. సీ ఎక్స్‌టెన్షన్లకి మామూలుగా సిగ్నేచర్ దొరకదు. వాటి డాక్‌స్ట్రింగ్ మొదటి లైను ఫంక్షన్ పిలుపులా ఉంటే ఆటోడాక్ దాన్నే సిగ్నేచర్‌గా తీసుకుంటుంది. సీ++ కోడుని పైథాన్‌కి కలిపే పైబైండ్11 ఆ లైనుని తనే రాసిపెడుతుంది, చేత్తో రాసిన ఎక్స్‌టెన్షన్‌లో మీరు రాయాలి. ఇక టైప్ హింట్లు ఎక్కువగా ఉన్న కోడులో సిగ్నేచర్ మూడు లైన్లు పాకితే ఆటోడాక్_టైప్‌హింట్స్‌ని డిస్క్రిప్షన్ అని మార్చండి, టైపులు కిందికి దిగి పారామీటర్ల పక్కన కూర్చుంటాయి.

పేజీల ఫైళ్ళు ఎవరు రాయాలి

డైరెక్టివ్‌లు ఉండే ఫైళ్ళని కూడా ఆటోమేటిక్‌గా పుట్టించడానికి రెండు దారులున్నాయి. స్ఫింక్స్-ఏపీఐడాక్ కమాండు మామూలుగా ప్యాకేజీకి ఒకటి, సెపరేట్ ఫ్లాగు ఇస్తే మాడ్యూల్‌కి ఒకటి చొప్పున ఫైళ్ళు రాస్తుంది. ఉన్న ఫైలుని ముట్టుకోదు, ఎఫ్ ఫ్లాగు ఇస్తేనే తిరగరాస్తుంది. కోడులో మాడ్యూల్ తీసేసినా దాని పాత ఫైలు డాక్స్ డైరెక్టరీలో అలాగే ఉండిపోయి, తర్వాతి బిల్డ్‌లో ఇంపోర్ట్ వార్నింగ్ ఇస్తుంది. ఈ ఫైళ్ళని గిట్‌లోకి ఎక్కించకపోతే సగం బాధ తీరుతుంది.

నేనైతే రెండో దారి, ఆటోసమ్మరీ ఎక్స్‌టెన్షన్‌నే సిఫారసు చేస్తాను. రిఫరెన్సు పేజీలో ఆటోసమ్మరీ డైరెక్టివ్, దానికి టాక్‌ట్రీ, రికర్సివ్ అనే రెండు ఆప్షన్లు, కింద ప్యాకేజీ పేరు. ఇంతే రాస్తే ప్రతి బిల్డ్‌లోనూ కోడుని చూసి పేజీలు పుట్టిస్తుంది. ఒక్క లోటేమిటంటే, సొంత టెంప్లేటు లేకుండా వాడితే మాడ్యూల్ పేజీలో పట్టికలు మాత్రమే వస్తాయి, క్లాసుల మెథడ్ల వివరాలకి వేరే పేజీలు రావు. ఆటోసమ్మరీ మాడ్యూల్ టెంప్లేటుని కాపీ చేసుకుని, లోపలి పట్టికలకి కూడా టాక్‌ట్రీ ఆప్షన్ చేర్చుకోవాలి.

రీడ్ ద డాక్స్ వైపు

రిపాజిటరీ మొదటి డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే రీడ్‌దడాక్స్.యామిల్ అనే కాన్ఫిగరేషన్ ఫైలు ఉండాలి. 2023 సెప్టెంబరు నుంచి అది లేకుండా బిల్డ్ కాదు. అందులో వెర్షన్ 2 అని, ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ వెర్షన్, కాన్ఫ్.పీవై ఎక్కడుందో, ప్యాకేజీని పిప్‌తో ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పాలి. పైథాన్ వెర్షన్‌ని కొటేషన్ గుర్తుల్లో రాయండి. 3.10 అని ఊరికే రాస్తే యామిల్ దాన్ని దశాంశ సంఖ్యగా చదివి 3.1 చేసేస్తుంది. స్ఫింక్స్ విభాగం కింద ఫెయిల్_ఆన్_వార్నింగ్‌ని ట్రూ చేస్తే పైన చెప్పిన డబ్ల్యూ పని ఇక్కడా జరుగుతుంది. ఒక్క లైను మార్పులో ఇంత ఫలితం వచ్చేది ఈ ఫైల్లో ఇంకోటి లేదు.

వెర్షన్ నంబరుని గిట్ ట్యాగుల నుంచి లెక్కగట్టే సెట్టప్‌టూల్స్_ఎస్‌సీఎమ్ లాంటివి వాడేవాళ్ళకి ఇక్కడ ఒక గుంట ఉంది. ఈ సర్వీసు రిపాజిటరీ చరిత్ర మొత్తం తెచ్చుకోదు, ఇటీవలి కమిట్లు కొన్నే తెచ్చుకుంటుంది. చివరి ట్యాగు అంతకంటే వెనకుంటే వెర్షన్ లెక్క తప్పి, పేజీ పైన 0.1.డెవ్ లాంటి నంబరు పడుతుంది. బిల్డ్ జాబ్స్‌లో పోస్ట్_చెకౌట్ దశ దగ్గర గిట్ ఫెచ్‌కి అన్‌షాలో ఫ్లాగు ఇచ్చి నడిపిస్తే సరిపోతుంది.

ఉచిత బిల్డ్‌కి 15 నిమిషాల గడువు, 7 జీబీ మెమరీ. మామూలు ప్యాకేజీకి ధారాళం. బిల్డ్‌లో నోట్‌బుక్కులు నడిపే ప్రాజెక్టులకే అది చాలదు. స్ఫింక్స్‌నీ థీమ్‌నీ రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో వెర్షన్లతో సహా రాసుకోవాలి. ఇదివరకు సర్వీసు తనే కొన్ని ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసి, కాన్ఫ్.పీవై చివర కొన్ని లైన్లు అతికించేది. 2024 అక్టోబరులో ఆ అతికింపు ఆపేశారు. దాంతో థీమ్ పేరు రాయని పాత ప్రాజెక్టులు స్ఫింక్స్ సొంత థీమ్ అలబాస్టర్‌తో ప్రత్యక్షమయ్యాయి, హెచ్‌టీఎమ్‌ఎల్_బేస్‌యూఆర్‌ఎల్ కూడా మనమే పెట్టుకోవాల్సి వచ్చింది. మార్పు మంచిదే, మన మెషీన్‌లో వచ్చిన పేజీ, అక్కడ వచ్చిన పేజీ ఇప్పుడు ఒకటే.

పుల్ రిక్వెస్టు ప్రివ్యూ మాత్రం తప్పకుండా ఆన్ చేయాల్సింది. కోడు మార్పుతో పాటు రిఫరెన్సు పేజీ ఎలా మారుతుందో కలపకముందే కనిపిస్తుంది.

అయితే రస్ట్ భాషలో డాక్స్.ఆర్‌ఎస్‌ని చూసినవాళ్ళకి ఇదంతా శ్రమగానే అనిపిస్తుంది. అక్కడ క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) పబ్లిష్ చేస్తే చాలు, ఏ ఫైలూ రాయకుండా రిఫరెన్సు తయారవుతుంది. పైథాన్‌లో పైపీఐకి (పైథాన్ ప్యాకేజీల భాండాగారానికి) ప్యాకేజీ ఎక్కించినంత మాత్రాన ఏ పేజీ పుట్టదు. ఆ లోటు ఈ జత తీర్చలేదు.

ఇంటర్‌స్ఫింక్స్, పోటీదారులు

స్ఫింక్స్‌ని వదలలేకపోవడానికి అసలు కారణం ఇంటర్‌స్ఫింక్స్. ప్రతి స్ఫింక్స్ సైటూ ఆబ్జెక్ట్స్.ఐఎన్‌వీ అనే చిన్న ఫైలు పెడుతుంది, అందులో ఏ పేరు ఏ పేజీలో ఉందో ఉంటుంది. కాన్ఫ్.పీవైలో పైథాన్, నంపై సైట్ల చిరునామాలు ఇస్తే మీ సిగ్నేచర్‌లోని ప్రతి బయటి టైపూ వాళ్ళ పేజీకి లింకవుతుంది. ఒక హెచ్చరిక: ఆ ఫైళ్ళు ప్రతి తాజా బిల్డ్‌లోనూ డౌన్‌లోడ్ అవుతాయి. వార్నింగుల్ని ఎర్రర్లు చేశాక, అవతలి సైటు కాసేపు పలక్కపోతే మీ బిల్డ్ కూడా ఫెయిల్ అవుతుంది. చిరునామాతో పాటు రిపాజిటరీలో దాచుకున్న కాపీ పాత్ కూడా ఇవ్వొచ్చు, అది ఇవ్వండి.

ఇంపోర్ట్ బాధలు అసలే వద్దనుకుంటే స్ఫింక్స్-ఆటోఏపీఐ ఉంది, కోడుని నడపకుండా చదువుతుంది. నడిచేటప్పుడు పుట్టేవి, సీ మాడ్యూళ్ళు దానికి కనిపించవు. మార్క్‌డౌన్‌లో రాసేవాళ్ళకి ఎమ్‌కేడాక్స్‌తో నడిచే ఎమ్‌కేడాక్‌స్ట్రింగ్స్ చక్కగా సరిపోతుంది, అదీ మామూలుగా కోడుని నడపదు. నాలుగైదు మాడ్యూళ్ళ చిన్న ప్యాకేజీకి పీడాక్ చాలు, కాన్ఫిగరేషన్ ఫైలే అక్కర్లేదు.

తెలుగులో రాస్తే

డాక్‌స్ట్రింగులు తెలుగులో ఉన్నా, ఇంగ్లీషు రిఫరెన్సుని తెలుగులోకి మార్చుకున్నా పేజీలు బాగానే వస్తాయి. అనువాదానికి గెట్‌టెక్స్ట్ బిల్డర్ డాక్‌స్ట్రింగుల్ని కూడా పీఓ ఫైళ్ళలోకి (అనువాదాలు రాసుకునే ఫైళ్ళలోకి) తీస్తుంది, స్ఫింక్స్-ఇంటిఎల్ వాటిని తాజాగా ఉంచుతుంది. ఇంగ్లీషు వాక్యంలో కామా మారినా ఆ అనువాదానికి ఫజీ గుర్తు (మళ్ళీ సరిచూడాలనే గుర్తు) పడి, పేజీలో మళ్ళీ ఇంగ్లీషు కనబడుతుంది.

మొదట తగిలేది శీర్షిక కింద గీత. గీత శీర్షికకంటే పొట్టిగా ఉంటే వార్నింగ్ వస్తుంది. కంటికి పుస్తకం అన్నది మూడు అక్షరాలు, స్ఫింక్స్ కింద ఉండే డాక్‌యుటిల్స్‌కి మాత్రం అది ఆరు. గుణింతాలనీ సున్నానీ విడిగా లెక్కపెడుతుంది, పొల్లు ఒక్కటే వదిలేస్తుంది. కంటికి సమానంగా గీసిన గీత చాలదు, వార్నింగుల్ని ఎర్రర్లు చేస్తే బిల్డే ఆగుతుంది. లెక్క చూసుకోకుండా ప్రతి శీర్షిక కిందా పొడుగాటి గీత గీసేయండి, పొడుగైతే అభ్యంతరం లేదు.

పీడీఎఫ్‌కి మామూలు పీడీఎఫ్‌లేటెక్ పనికిరాదు. లేటెక్_ఇంజిన్‌ని జీలేటెక్ చేసి, ఫాంటు ఎంచుకునే చోట స్క్రిప్టు తెలుగు అని చెప్పాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. కోడు భాగాల్లో తెలుగు కామెంట్లుంటే మోనో ఫాంటుకి కూడా ఇదే ఏర్పాటు కావాలి. రీడ్ ద డాక్స్‌లో ఆప్ట్_ప్యాకేజెస్ కింద ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అని రాస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి.

సెర్చ్ మాత్రం నిజమైన లోపం. స్ఫింక్స్‌కి తెలుగు సెర్చ్ లేదు, ఇంగ్లీషు పద్ధతికే తిప్పుతుంది. ఇండెక్స్ కట్టే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కి గుణింతం గుర్తులు అక్షరాల కింద లెక్కకి రావు, వాటి దగ్గర మాటని తెంపుతుంది. పుస్తకం అన్న మాట ప, స, తక అనే మూడు ముక్కలవుతుంది. బ్రౌజర్‌లో వెతికే మాటని కూడా జావాస్క్రిప్టు అలాగే తెంపుతుంది కాబట్టి ఫలితాలు వస్తాయి, కానీ సంబంధం లేని పేజీలు కూడా వచ్చిపడతాయి. సరిచేసుకోవడానికి దారి ఉంది. సెర్చ్‌లాంగ్వేజ్ క్లాసు నుంచి ఒక చిన్న క్లాసు రాసి, యాడ్_సెర్చ్_లాంగ్వేజ్‌తో నమోదు చేయాలి. దాని స్ప్లిట్ మెథడ్‌లో మామూలు అక్షరాలతో పాటు యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉన్న తెలుగు పరిధి మొత్తాన్నీ మాటలో భాగంగా తీసుకోవాలి. జేఎస్_స్ప్లిటర్_కోడ్ అనే ఆట్రిబ్యూట్‌లో స్ప్లిట్‌క్వెరీ ఫంక్షన్‌ని అదే నియమంతో జావాస్క్రిప్టులో మళ్ళీ రాయాలి. ఈ రెండిట్లో ఒక్కటే మారిస్తే ఇండెక్స్‌లో ఉన్న మాట, వెతికే మాట కలవక సరైన ఫలితాలు రావు.